‘వాడు పసిపిల్లోడు సార్’: ఇంటింటి సర్వేల్లో తాగుడు లెక్క

గత నెల అనంతపురంలోని ఒక కళాశాలలో మత్తు పదార్థాల వాడకం మీద జరిగిన సదస్సుకు నేను కూడా వెళ్లాను. భోజనాల తరువాత మాట్లాడిన ఒక వక్త తెర మీద కడ్డీల పటం ఒకటి చూపించారు. మద్యం తాగే మగవారి శాతాన్ని వయసుల వారీగా విడదీసి గీసిన పటం అది. ఎడమ అంచున పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల వారి కడ్డీ నేలబారుగా ఉంది. అక్కడి నుంచి మెట్లు మెట్లుగా లేచి, నలభైల దగ్గర అన్నిటికన్నా ఎత్తుకు చేరి, అరవై దాటాక మళ్లీ దిగిపోయింది. దాన్ని చూపిస్తూ ఆయన, మన దగ్గర సమస్య నడివయసు మగవారిదే గాని కుర్రవాళ్లది కాదనీ, ఉన్న కొద్దిపాటి డబ్బునూ మనుషులనూ ముందు అటువైపే పెట్టాలనీ అన్నారు. సభలో ఎవరూ అడ్డు చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. ఆ చెప్పకపోవడమే ఇంటికి వచ్చినప్పటి నుంచి నన్ను బాధిస్తున్నందువల్ల ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆ పటంలోని అంకెలు తప్పని నేను అనడం లేదు. ఫారాల్లో ఉన్న జవాబులను ఉన్నవి ఉన్నట్టే కూడి ఉంటారు. నా సందేహం అంతకు ముందు మెట్టు మీద. ఆ ఫారంలోకి జవాబు ఎవరి నోటి నుంచి వచ్చింది? ఒక్కొక్క వయసువారి గురించి ఆ నోరు ఒక్కొక్క రకంగా మాట్లాడుతూ ఉంటే, పటంలో కనబడే ఎత్తుపల్లాలు తాగుడువా, లేక తాగుడు గురించి చెప్పుకోవడానివా?

ఒకే గడప, రెండు జవాబులు

ఈ సందేహం నాకు పుస్తకాలు చదివి వచ్చింది కాదు. 2008లో, చదువు ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, ఒక ఆరోగ్య సర్వే కోసం ఇళ్లు తిరిగే పనిలో నాలుగు నెలలు ఉన్నాను. కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో జరిగిన సంగతి ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. మట్టి మిద్దె, ముందు అరుగు, అరుగు మీద వక్కాకు నములుతూ ఒక జేజి. ఇంటావిడ చేట పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది. ఇంట్లో ఉన్నవారి పేర్లూ వయసులూ రాసుకున్నాక, వరుసగా ఒక్కొక్కరి గురించీ అడగవలసిన ప్రశ్నల్లో మద్యం ప్రశ్న వచ్చింది.

“ఏమ్మా, మీ ఇంటాయన మందు తాగుతారా?”

“తాగని దినం యాడుండాది సార్? శెనక్కాయల దుడ్లు ఇంటికి రాకముందే అంగట్లో అయిపోయె. నా కమ్మలు కుదువబెట్టి రెండేండ్లాయె, ఇంకా ఇడిపించలే.”

ఆమె చెబుతూనే పోయింది. నేను ‘అవును’ అని రాసుకుని, తరచుగానా అప్పుడప్పుడానా అన్న గడిలో ‘దాదాపు రోజూ’ అని గుర్తు పెట్టాను. తరువాతి వరుస ఆమె కొడుకుది. పంతొమ్మిదేళ్లని ఐదు నిమిషాల క్రితం ఆమే చెప్పింది; అద్దె ట్రాక్టరు తోలుతాడనీ చెప్పింది.

“అబ్బాయి తాగుతాడామ్మా?”

“వాడా? వానికి అయ్యన్నీ తెలీవు సార్. వాడు పసిపిల్లోడు.”

అరుగు మీది జేజి నములుడు ఆపి నా వైపు చూసి, నన్నడుగు అన్నట్టు గడ్డం ఎత్తింది. కోడలు తల తిప్పి ఒక్క చూపు చూసేసరికి మళ్లీ వక్కాకులో పడిపోయింది. నిబంధన ప్రకారం జవాబు చెప్పేది ఒక్కరే, కాబట్టి నేను ‘కాదు’ అని రాశాను. సాయంత్రం నాలుగింటికి ఊరి బడి ప్రహరీ పక్కగా వస్తుంటే, ముగ్గురు స్నేహితులతో కూర్చున్న ఒక కుర్రవాడు లేచి ఎదురొచ్చాడు. వాళ్ల నడుమ ప్లాస్టిక్ గ్లాసులూ, పగిలిన శెనక్కాయ పొట్టూ ఉన్నాయి.

“సార్, మా ఇంటికి పోయింటిరంట గదా. మాయమ్మ నా గురించి ఏం జెప్పింది?”

“అది బయట చెప్పకూడదప్పా.”

“మాయమ్మ చెప్పదులే” అని తిరిగి వెళ్లి కూర్చున్నాడు.

ఆ రోజు నేను నింపిన ఫారంలో తండ్రి తాగేవాడు, కొడుకు తాగనివాడు. ఒకే ఇల్లు, ఒకే మనిషి, ఒకే అరగంట. ఆమె అబద్ధాలకోరు కాదు. భర్త విషయంలో ఎవరూ అడగని నిజాలు కూడా చెప్పింది. భర్త తాగుడు ఊరంతటికీ తెలిసిన సంగతి, దాచి లాభం లేదు, చెప్పుకుంటే కొంత భారమైనా దిగుతుంది. కొడుకు సంగతి అట్లా కాదు. వాడికి పెళ్లి సంబంధం చూడాలి, పని ఇచ్చేవారి ముందు మాట నిలబడాలి, అన్నిటికంటే ముందు ఆమెకు ఆమే ఒప్పుకోవాలి. నేను తిరిగిన ఇళ్లలో ఈ తేడా మళ్లీ మళ్లీ కనిపించింది. భార్య చెప్పే భర్త లెక్కా, తల్లి చెప్పే కొడుకు లెక్కా ఒకే కొలబద్దతో కొలిచినవి కావు.

ఇక్కడ ఎదురుమాట ఒకటి ఉంది, అది గట్టిదే. తాగే మనిషిని నేరుగా అడిగితే మాత్రం నిజం చెబుతాడా? చాలాచోట్ల భర్త తానే చెప్పేదాని కంటే భార్య చెప్పేదే నిజానికి దగ్గరగా ఉంటుంది. నేనూ ఒప్పుకుంటాను. కాని ఆ మాట నా వాదాన్ని బలపరుస్తుందే తప్ప తీసివేయదు. నలభై ఏళ్ల వారి గురించి చెప్పేది భార్య, పద్దెనిమిదేళ్ల వారి గురించి చెప్పేది తల్లి, డెబ్భై ఏళ్ల ముసలాయన గురించి చెప్పేది కోడలు. చెప్పేవారు మారుతున్నప్పుడు తప్పు కూడా వయసుతో మారుతుంది. అన్ని వయసుల్లోనూ సమానంగా పదోవంతు తగ్గించి చెబితే పటం మొత్తం కొంచెం కిందికి దిగుతుంది గాని దాని ఆకారం చెడదు. ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా దాచిపెడితే చెడేది ఆకారమే. సదస్సులో వక్త ఆధారపడింది సరిగ్గా ఆ ఆకారం మీదే.

పెద్ద సర్వేలోనూ అదే గడప

ఇది నేను పనిచేసిన చిన్న సర్వేకు మాత్రమే ఉన్న లోపమైతే ఇంత రాయవలసిన పని లేదు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మద్యం ప్రశ్న రెండు దారుల్లో అడిగారు. ఒకటి ఇంటి ఫారం: ఇంట్లో ఉన్న పెద్దవారిలో ఒకరు, పదిహేనేళ్లు నిండిన ప్రతివారి గురించీ చెబుతారు. రెండవది మగవారి ఫారం: ఎంపిక చేసిన కొన్ని ఇళ్లలో మాత్రమే పదిహేను నుంచి యాభై నాలుగేళ్ల మగవారిని విడిగా కూర్చోబెట్టి అడుగుతారు. పత్రికల్లో మనం చదివిన అంకెలు, అంటే దేశంలో పదిహేనేళ్లు దాటిన మగవారిలో దాదాపు 19 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం, తెలంగాణలో 43.3 శాతం అన్నవి, మొదటి దారిలో వచ్చినవి.

దేశం మొత్తానికి రెండో దారిలో, అంటే మగవారే స్వయంగా చెప్పినదాని ప్రకారం, పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల వారిలో తాగేవారు సుమారు 22 శాతం. ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. పదిహేనేళ్లు దాటిన మగవారిలో నలుగురికి ఒకరు యాభై దాటినవారు అనుకుందాం. యాభై లోపువారిలో 22 శాతం తాగుతూ, మొత్తం మీద 19 శాతమే రావాలంటే, యాభై దాటినవారిలో తాగేవారు పదిశాతం దగ్గర ఉండాలి. నలభై తొమ్మిదో ఏటి దాకా తాగినవారు యాభై రాగానే సగానికి సగం మానేశారని మన ఊళ్లు తెలిసినవారెవరూ నమ్మరు. రెండు దారుల నడుమ ఎక్కడో జారిపోయినవారు ఉన్నారు. ఇంటి ఫారంలో ఎక్కువమంది జారిపోయారనే నా అభిప్రాయం.

ఇదే కారణంగా, నాలుగో సర్వేలో 29 శాతం ఉన్నది ఐదో సర్వేలో 19కి పడిపోయిందని సంబరపడటం కూడా సరికాదు. మొదటిది పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల మగవారు తమ గురించి తాము చెప్పింది. రెండవది పదిహేను దాటిన అందరి గురించీ ఇంట్లో ఒకరు చెప్పింది. వయసు హద్దు మారింది, చెప్పే మనిషీ మారారు. తగ్గుదల కొంత నిజమే, మగవారే చెప్పిన 22 శాతం ఆ మాట అంటోంది. కాని పది పాయింట్ల తగ్గుదల మాత్రం కాదు.

అయితే ఆ రెండో దారినే నమ్ముకోవచ్చు గదా అంటే, దాని ఇబ్బంది దానిది. ఆంధ్రప్రదేశ్ మొత్తానికి ఆ సర్వేలో మాట్లాడిన మగవారు 1,558 మంది. అప్పటి పదమూడు జిల్లాలకు పంచితే జిల్లాకు నూట ఇరవై మంది. పదిహేను నుంచి యాభై నాలుగు వరకు ఐదేళ్లకొక వర్గం చొప్పున ఎనిమిది వర్గాలు చేస్తే, అనంతపురం జిల్లాలో ఒక్కొక్క వర్గానికి సగటున పదిహేను మంది మిగులుతారు. అందులో ఒక్కడు మొహమాటపడి జవాబు మార్చి చెబితే శాతం దాదాపు ఏడు పాయింట్లు అటో ఇటో జరుగుతుంది. అందుకే ఆ ఫారం అంకెలను రాష్ట్ర స్థాయికే పరిమితం చేస్తారు, జిల్లా అంకెకు ఇంటి ఫారమే గతి. జిల్లా అంకె కావాలంటే తల్లిని అడగాలి, కొడుకునే అడగాలంటే జిల్లా అంకె ఉండదు. వయసుల వారీగా జిల్లా పటం గీసి చూపించే ఎవరైనా ఈ రెండింట్లో దేన్ని ఎంచుకున్నారో ముందు చెప్పాలి.

కాలం సంగతి కూడా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సర్వే 2019 జూలై నుంచి నవంబరు మధ్య జరిగింది. దశలవారీ మద్యనిషేధం హామీతో కొత్త ప్రభుత్వం వచ్చి, బెల్టు షాపులు మూయించి, అక్టోబరు 1 నుంచి దుకాణాలను తానే నడపడం మొదలుపెట్టిన నెలలవి. గ్రామ వలంటీర్లు పనిలో చేరింది కూడా ఆ ఆగస్టు 15నే. ఇంటికి వచ్చి వివరాలు రాసుకునేవారంటే పింఛనో రేషన్ కార్డో గుర్తుకొచ్చే రోజులు. చేతిలో ట్యాబు పట్టుకుని గడప దగ్గర నిలబడిన కొత్త మనిషి “మీ ఇంట్లో ఎవరైనా తాగుతారా” అని అడిగితే, ఆ ఇల్లాలు ఎవరికి జవాబు చెబుతున్నాననుకుని ఉంటుంది? సర్వేలో లోపాలున్నా ప్రతిసారీ అవే లోపాలు కాబట్టి పెరుగుదల తరుగుదలలను నమ్మవచ్చు అనేవారికి నా సమాధానం ఇదే. దాచిపెట్టే అలవాటు ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు, ప్రభుత్వ విధానంతో పాటు అదీ మారుతుంది.

ఇంట్లో లేనివారు

ఇంతవరకూ ఇంట్లో ఉన్నవారి సంగతి. పదిహేను నుంచి పాతిక వరకు ఉన్న కుర్రవాళ్లు ఎంతమంది ఇంట్లో దొరుకుతారు? కోసిగి, ఆదోని వైపు పల్లెల నుంచి జనం మిరపకోతలకూ పత్తికీ గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతారు. ఆ నెలల్లో వెళితే వీధికి సగం తాళాలు. మా పనిలో తాళం వేసిన ఇంటికి మూడుసార్లు వెళ్లాలనే నియమం ఉండేది, మూడోసారి కూడా తాళమే ఉంటే ఆ వరుస ఖాళీ. అనంతపురం పల్లెల నుంచి బెంగళూరు వెళ్లి కట్టడాల దగ్గర రేకుల షెడ్లలో ఉండే కుర్రవాళ్లు ఇక్కడి లెక్కలోకీ రారు, అక్కడి లెక్కలోకి వచ్చేదీ అంతంతమాత్రమే. ఇంజనీరింగ్ కళాశాలల హాస్టళ్లలో ఉండేవారూ అంతే. కుటుంబ ఆరోగ్య సర్వే ఇళ్లను తీసుకుంటుంది, హాస్టళ్లను కాదు. మొదటిసారి చేతికి డబ్బు వచ్చేదీ, మొదటిసారి ఇంటి చూపు దాటేదీ ఈ మూడుచోట్లే. తాగుడు మొదలయ్యే వయసూ, సర్వేకు దొరకని వయసూ ఒకటే అవుతున్నాయి.

గుంతకల్లు జంక్షన్‌లో రైలు కోసం కూర్చున్న ఒక రాత్రి, పదీ పన్నెండేళ్ల పిల్లలు ఇద్దరు ప్లాట్‌ఫారం చివర గుడ్డపేలిక ముక్కు దగ్గర పెట్టుకుని పీలుస్తుండటం చూశాను. పంక్చర్ అతికించే సొల్యూషన్ వాసన దూరానికే తెలుస్తుంది. వారికి ఇల్లు లేదు, ఇంటి వరుస సంఖ్య లేదు. ఎయిమ్స్‌లోని జాతీయ మత్తు చికిత్స కేంద్రం ఆధ్వర్యంలో 2017 డిసెంబరు నుంచి 2018 అక్టోబరు దాకా జరిగిన దేశవ్యాప్త సర్వేలో, పది నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో ఇలా పీల్చే పదార్థాలు వాడేవారు 1.17 శాతం, పెద్దవారిలో 0.58 శాతం అని తేలింది. పెద్దల కన్నా పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఇదొక్కటే. ఇళ్లలో ఉన్న పిల్లల్లోనే ఇంత ఉంటే, గుంతకల్లు ప్లాట్‌ఫారం మీది పిల్లలను ఏ గడిలో రాయాలి?

ఆ సర్వేను నేను గౌరవిస్తాను. రెండు లక్షలకు పైగా ఇళ్లు తిరిగి, 4,73,569 మందితో ఎవరికి వారితోనే మాట్లాడారు. హెరాయిన్ లాంటివి వాడేవారు ఇళ్లలో దొరకరని ముందే ఒప్పుకుని, ఒకరి ద్వారా మరొకరిని చేరుకునే పద్ధతిలో 72,642 మందిని వేరుగా కలిశారు. అంటే ఇంటింటి సర్వే హద్దు ఎక్కడో ఆ పని చేసినవారికే బాగా తెలుసు. అయినా వయసుల దగ్గరికి వచ్చేసరికి ఆ అంకెలు నన్ను ఆలోచనలో పడేస్తాయి. పది నుంచి పదిహేడేళ్ల వారిలో మద్యం 1.3 శాతం, నల్లమందు జాతి మత్తులు 1.8 శాతం. పెద్దవారిలో మద్యం 17.1 శాతం, ఆ మత్తులు 2.1 శాతం. పిల్లల్లో మద్యం కంటే ఆ మత్తులు ఎక్కువ ఉన్నాయా? దగ్గుమందు రూపంలో దొరికేవి కొంత కారణం కావచ్చు. అంతకంటే, ఆ వయసు పిల్లవాడు పెద్దవారి ముందు మద్యం అన్న మాటకు భయపడినంతగా సీసా మీద మందుల పేరు ఉన్నదానికి భయపడడేమో అని నా అనుమానం. దీన్ని రుజువు చేయలేను. పిల్లల జవాబులనూ పెద్దల జవాబులనూ ఒకే గీత మీద పెట్టి చూసేముందు ఆగి ఆలోచించవలసిన అవసరం మాత్రం ఇందులో నాకు స్పష్టంగా కనిపిస్తోంది.

అరవై దాటాక కడ్డీ దిగిపోవడం గురించి కూడా ఒక మాట. మా చిన్నాయన యాభై రెండేళ్లకే కాలేయం చెడి చనిపోయారు. ఆయన పోయిన మరుసటి ఏడాది ఏదో సర్వేవారు ఆ ఇంటికి వచ్చి అడిగితే, మా పిన్నమ్మ “మా ఇంట్లో ఎవరూ తాగరు” అని చెప్పింది. అందులో అక్షరం అబద్ధం లేదు. సర్వేలో చనిపోయినవారికి వరుస ఉండదు. బాగా తాగినవారు అరవైకి ముందే పోతే, అరవై దాటినవారి వర్గంలో మిగిలేది తక్కువ తాగినవారూ, అసలు తాగనివారూ, డాక్టరు వద్దన్నాక మానేసినవారూ. కోసిగిలో ఒక పెద్దాయన నాతో “నలభై ఏండ్లు తాగితి నాయనా, మొన్న ఉగాది నుంచి బంద్” అన్నారు. ఆయనా నా ఫారంలో తాగనివారే. వయసు పెరిగితే తాగుడు తగ్గుతుందని ఆ కడ్డీ చూసి అనుకోవడం, పోయినవారిని మరచిపోవడమే.

తరాల తేడా మరొకటి. ఒక్కసారి చేసిన సర్వేలో వయసు ప్రభావాన్నీ తరం ప్రభావాన్నీ విడదీయలేము. 1993లో సారా ఆగిపోయింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఆ నాలుగేళ్లలో పద్దెనిమిది నిండినవారు ఇప్పుడు యాభైకి కాస్త అటూ ఇటూ ఉన్నారు. వారికి ముందువారు సారా ప్యాకెట్లతో మొదలుపెట్టారు, తరువాతివారు బీరుతో. పటంలో యాభై దగ్గర కనిపించే మలుపు ఆ వయసుదో, ఆ ఏళ్లదో ఒక్క పటం చెప్పలేదు. అదే ప్రశ్నను అదే పద్ధతిలో పదేళ్లకొకసారి అడిగితే తెలుస్తుంది. మనం ప్రతిసారీ పద్ధతి మారుస్తున్నాం.

ఎంత అన్నది అడగనప్పుడు

కుటుంబ ఆరోగ్య సర్వే అడిగేది తాగుతారా, తాగితే దాదాపు రోజూనా, వారానికోసారా, అంతకంటే తక్కువా అని. ఎంత అన్నది లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకే దఫాలో 60 గ్రాములు, ఆపైన ఆల్కహాలు తాగడాన్ని ప్రమాదకరమైన తాగుడుగా లెక్కిస్తుంది. మన అంగళ్లలో దొరికే 180 మి.లీ. క్వార్టర్‌లో, సీసా మీద రాసిన 42.8 శాతం ప్రకారం, ఉండేది సుమారు 60 గ్రాములు. అంటే ఒక్క క్వార్టర్ ఒంటరిగా ఖాళీ చేసినవారెవరైనా ఆ గీతను తాకినట్టే. రోజూ రాత్రి నైంటీ వేసుకుని పడుకునే యాభై ఏళ్ల మనిషి ‘దాదాపు రోజూ’ గడిలో పడతాడు. ఆదివారం క్రికెట్ అయ్యాక ఒక హాఫ్ ముగించి బండి తోలుకుంటూ ఇంటికి వచ్చే ఇరవై ఏళ్ల కుర్రవాడు ‘వారానికోసారి’ గడిలో, అదీ తల్లి ఒప్పుకుంటే. ఫారం మొదటివాడిని పెద్ద సమస్యగా, రెండవవాడిని చిన్న సమస్యగా చూపిస్తుంది. 375 మి.లీ. హాఫ్‌లో ఉండేది 125 గ్రాములకు పైమాటే. ఏ రాత్రి ఎవరు రోడ్డు పక్కన పడి ఉంటారో ఆ గడులు చెప్పవు.

ఖర్చుల సర్వేలు ఈ విషయంలో ఇంకా మసక. 2022–23 గృహ వినియోగ సర్వేలో గ్రామాల్లో మనిషికి నెల ఖర్చు సగటున 3,773 రూపాయలు, అందులో పాన్, పొగాకు, మత్తు పానీయాల వాటా 3.79 శాతం. నలుగురున్న ఇంటికి బీడీలూ గుట్కాతో సహా నెలకు 570 రూపాయల చిల్లర. కుదువపెట్టిన కమ్మలు ఆ లెక్కలో లేవు, వయసు అసలే లేదు.

అయితే సర్వేలు వద్దా?

కొందరు మిత్రులు నా మాటలు విని, అయితే ఇంటింటి సర్వేలు మానేసి అమ్మకాల లెక్క చూస్తే పోలేదా అంటారు. దానికి నేను ఒప్పుకోను. అమ్మకాల లెక్కలో కర్ణాటక నుంచి రాయదుర్గం, మడకశిర దారుల్లో వచ్చే టెట్రా ప్యాకెట్లు ఉండవు. ఐరోపా నగరాల్లో మురుగునీటిని పరీక్షించి ఊరు మొత్తం ఏ మత్తు ఎంత వాడిందో అంచనా కడుతున్నారు. మన పల్లెల్లో అందుకు తగిన మురుగు కాలువల ఏర్పాటే లేదు. అది ఉన్నా లేకపోయినా, మురుగునీటికి వయసు ఉండదు. సీసాకూ వయసు ఉండదు. ఏ వయసువారికి ఏమవుతోందో తెలుసుకోవాలంటే మనుషులనే అడగాలి. అందుకే అడిగే పద్ధతి మీద ఇంత పట్టుబడుతున్నాను.

అడిగే పద్ధతులు లేక కాదు. అమెరికాలో పన్నెండేళ్లు నిండిన వారినుంచి అడిగే జాతీయ సర్వేలో, సున్నితమైన ప్రశ్నలను ఇయర్‌ఫోన్లలో వినిపించి, జవాబును వారే యంత్రంలో నొక్కేటట్టు చేస్తారు. పక్కన కూర్చున్న ఉద్యోగికి కూడా తెలియదు. చదువు రానివారికి కూడా ఇది పనికొస్తుంది. అక్కడే 1975 నుంచి పాఠశాల విద్యార్థులను తరగతి గదుల్లోనే వేరుగా అడుగుతున్నారు, తల్లి దగ్గర కాదు. ఐరోపా పాఠశాలల సర్వేలో, అసలు లోకంలోనే లేని మత్తు పదార్థం పేరు ఒకటి కల్పించి జాబితాలో కలుపుతారు. అది వాడామని చెప్పినవారి జవాబులను బట్టి గొప్పకు చెప్పేవారు ఎందరో తెలుస్తుంది. కుర్రవాళ్లలో దాచేవారే గాక, స్నేహితుల ముందు లేనిది ఉన్నట్టు చెప్పేవారూ ఉంటారు గనుక ఆ జాగ్రత్త అవసరమే.

వార్నర్ అనే గణాంకవేత్త 1965లో చెప్పిన ఉపాయం నాకు అన్నిటికంటే నచ్చుతుంది. దాన్ని కాస్త మార్చి మన తరగతుల్లో ఇట్లా వాడవచ్చు. వందమంది కుర్రవాళ్లకు తలా ఒక నాణెం ఇచ్చి, ఎవరికీ చూపకుండా ఎగరవేయమనాలి. బొమ్మ పడితే నిజంతో పని లేకుండా ‘అవును’ అని రాయాలి, బొరుసు పడితే నిజం రాయాలి. ‘అవును’ అని రాసినవాడు తాగాడని రాశాడో, బొమ్మ పడి రాశాడో ఎవరూ చెప్పలేరు. కాని మొత్తం అవునులు 65 వస్తే, అందులో సుమారు 50 నాణేనివి, మిగిలిన 15 నిజం చెప్పిన యాభైమందిలోవి, అంటే ముప్ఫై శాతం. ఒక్కొక్కరి గుట్టు దక్కుతుంది, అందరి లెక్కా దొరుకుతుంది. వందమందికి నాణేల హెచ్చుతగ్గుల వల్ల అంకె కొంత ఊగుతుంది, కాబట్టి ఎక్కువమంది కావాలి.

కష్టం మరోచోట ఉంది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పద్దెనిమిదేళ్లు నిండనివారిని అడగాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, తీసుకోవలసిందే. అనుమతి అడిగిన మరుక్షణం ఆ తల్లి గుమ్మం దగ్గర నిలబడుతుంది. తలుపు వేసి మాట్లాడతామంటే అనుమానపడుతుంది. ఇళ్లలో రెండు గదులే ఉన్నచోట ఏకాంతం అన్నది మాటవరసకే. అనుమతి ఇవ్వని ఇళ్లు ఏవో చూస్తే, ఎక్కువగా అవసరం ఉన్న ఇళ్లే అయివుంటాయేమో. ఇది ఖర్చుతో తీరే సమస్య కాదు. తీరదు గనుక అడగడం మానేయాలనీ నేను అనలేను.

దేశంలో 272 జిల్లాలను ఎంచుకుని 2020లో నషా ముక్త్ భారత్ అభియాన్ (మత్తు లేని భారత్ కోసం కేంద్రం చేపట్టిన కార్యక్రమం) మొదలుపెట్టినప్పుడు ఆ ఎంపికకు ఇటువంటి సర్వే అంకెలు ఒక ఆధారం. ఎక్కడ కౌన్సెలింగ్ కేంద్రం పెట్టాలో, ఏ వయసువారికి మనిషిని నియమించాలో ఇవే తేలుస్తాయి. అందుకే పంతొమ్మిదేళ్ల కుర్రవాడి గడిలో నేను రాసిన ‘కాదు’ అన్న మాట నాకు ఇప్పటికీ బరువుగా ఉంది.

పోయిన వారం, సామాజిక శాస్త్రం చెప్పే ఒక మిత్రుడు తన విద్యార్థుల చేత నాలుగు పల్లెల్లో చిన్న సర్వే చేయిద్దామనుకుని ఫారం నాకు చూపించారు. ‘ఇంట్లో మద్యం తాగేవారు ఎవరు? వయసు?’ అని రెండో పేజీలో ఒకే ప్రశ్న ఉంది. ఇద్దరం కూర్చుని దాన్ని కొట్టేశాం. దాని బదులు పద్దెనిమిది దాటిన ప్రతివారికీ ఒక చీటీ ఇస్తారు. దాని మీద పేరు ఉండదు, వయసు వర్గం మాత్రం ఉంటుంది, చదవలేనివారి కోసం నైంటీ, క్వార్టర్, హాఫ్ సీసాల బొమ్మలు ఉంటాయి. గుర్తు పెట్టి, మడిచి, తాళం వేసిన డబ్బాలో వేయాలి. ఓటు వేసిన చేతులకు అది కొత్త పని కాదు. ఫారం చివర రెండు గడులు కలిపాం: ‘చీటీ వేసేటప్పుడు పక్కన ఎవరున్నారు?’, ‘ఇంట్లో ఉండవలసినవారిలో ఈ రోజు లేనిది ఎవరు, ఏ వయసు, ఎక్కడికి వెళ్లారు?’ అని. జనవరిలో వెళదామన్నారు ఆయన. సుగ్గికి పోయినవారు ఉగాదికి ఊరు చేరతారు, ఆ వారంలో వెళ్లమని అడిగాను, ఒప్పుకున్నారు. డబ్బాలు చేయించే పని నేను తీసుకున్నాను.